లెక్కలోకి రావలసిన మనుషులు
(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో డాక్టరు చదువును గురించో, ఇంజనీరింగును గురించో, పోటీ పరీక్షలను గురించో మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి మన ఇళ్లలో ఎవరూ పేరు కూడా విని ఉండని ఒక వృత్తిని గురించి చెప్పవలసిందిగా కమిటీ మమ్మల్ని కోరింది. ఆ వృత్తి పేరు జీవ గణాంక శాస్త్రం. ఇంగ్లీషు చదువుల్లో బయోస్టాటిస్టిక్స్ అంటారు. మనుషుల జబ్బులను, ఆయుర్దాయాన్ని, మరణాలను లెక్కగట్టి, ఏ కారణం వల్ల ఏది జరిగిందో తేల్చే శాస్త్రం అది.

ఈ ప్రస్తావన ఊరకే రాలేదు. మన పట్టణంలో గణాంక శాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేసిన ఒక అమ్మాయి, జపాన్ దేశంలోని హిరోషిమాలో పరిశోధన ఉద్యోగానికి దరఖాస్తు పెట్టదలచింది. ఆమె తండ్రి మా వద్దకు వచ్చి మూడు ప్రశ్నలు వేశారు. "భాయీ సాహెబ్, బాంబు పడిన ఊళ్లో లెక్కలు చదివిన పిల్లకు పనేమిటి? రేడియేషన్ అంటున్నారు, బిడ్డ ఆరోగ్యానికి ముప్పు కాదా? అంత దూరం పోయి చేయదగిన గౌరవమైన పనేనా అది?" అన్నారు. ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. రేపు మరో ఇంట్లోనూ పుట్టగల ప్రశ్నలే. కనుక ఈ ప్రసంగాన్ని వాటికి సమాధానంగానే నడుపుతాము.

మొదట ఆ ఊరి చరిత్ర తెలుసుకోవాలి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, ఆగస్టు 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది. ఆ సంవత్సరం ముగిసేసరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది మరణించారని అంచనా. ప్రాణాలతో మిగిలిన వారిని జపాన్ భాషలో హిబాకుషా అంటారు. కాలిన గాయాలు మానిన తరువాత కూడా వారి కష్టాలు తీరలేదు. కంటికి కనిపించని వికిరణం వారి దేహాల గుండా వెళ్లింది. అది ఎప్పుడు, ఏ రూపంలో బయటపడుతుందో ఆనాడు ఎవరికీ తెలియదు.

దానిని కనిపెట్టేందుకు 1947లో అమెరికా వారు అణుబాంబు క్షతగాత్రుల కమిషన్‌ను నెలకొల్పారు. దానినే పొట్టిగా ఏబీసీసీ అనేవారు. హిరోషిమాలో హిజియామా అనే చిన్న కొండ మీద దాని భవనాలు కట్టారు. 1975 ఏప్రిల్ 1న ఆ కమిషన్ స్థానంలో రేడియేషన్ ప్రభావాల పరిశోధన సంస్థ ఏర్పడింది. దీనికి జపాన్, అమెరికా ప్రభుత్వాలు రెండూ నిధులు ఇస్తాయి. వైద్యులు, జన్యు శాస్త్రజ్ఞులు, భౌతిక శాస్త్రజ్ఞులతో పాటు గణాంక శాస్త్రజ్ఞులు అక్కడ పనిచేస్తారు. ఇతర దేశాల నుంచి వెళ్లిన వారు కూడా మొదటి నుంచీ ఆ పనిలో ఉన్నారు.

ఇక అక్కడ లెక్కల వారికి పనేమిటన్న మొదటి ప్రశ్నకు వద్దాం. క్యాన్సర్ వచ్చిన మనిషి ఒంటి మీద 'ఇది బాంబు వల్ల వచ్చింది' అని ముద్ర ఉండదు. బాంబు పడని ఊళ్లలోనూ క్యాన్సర్ వస్తుంది. బీడీ ముట్టని మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు; రోజుకు రెండు కట్టలు కాల్చిన వాడు తొంభై ఏళ్లు బతకవచ్చు. ఒక్క మనిషిని ఎంత పరీక్షించినా కారణం తేలదు. వేలమందిని, దశాబ్దాల పాటు, ఒకే పద్ధతిలో గమనిస్తే తేలుతుంది. వికిరణం తగిలిన వారిలో ఎందరికి జబ్బు వచ్చింది, తగలని వారిలో ఎందరికి వచ్చింది, ఆ రెంటి మధ్య తేడా ఎంత అని చూడాలి. ఆ తేడా వయసు వల్ల వచ్చిందా, పొగాకు వల్ల వచ్చిందా, వికిరణం వల్లనే వచ్చిందా అని వడగట్టాలి. ఈ వడగట్టే పనే జీవ గణాంక శాస్త్రజ్ఞులది.

హిరోషిమాలో ఇది ఎలా జరిగిందో వినండి. 1950లో జపాన్ జాతీయ జనాభా లెక్కల సమయంలో, బాంబు పడిన నాడు ఆ రెండు నగరాల్లో ఉన్నవారెవరో కూడా అడిగారు. సుమారు 2,80,000 మంది అలా నమోదయ్యారు. ఆ జాబితా ఆధారంగా సుమారు 1,20,000 మందిని ఎంచి ఒక దీర్ఘకాలిక అధ్యయనం ప్రారంభించారు. వారిలో సుమారు 94,000 మంది బాంబుకు గురైనవారు. మిగిలిన సుమారు 27,000 మంది ఆ నగరాలకు చెందినవారే కాని, బాంబు పడిన సమయంలో ఊళ్లో లేనివారు. ఈ అధ్యయనాన్ని జీవితకాల అధ్యయనం అంటారు. పేరుకు తగినట్లే, అందులో చేరిన వారి జీవితం ముగిసే దాకా అది సాగుతుంది. 1958 నుంచి వీరిలో కొందరికి రెండేళ్లకొకసారి వైద్య పరీక్షలు కూడా చేస్తున్నారు.

ఇంతమంది ఎక్కడ ఉన్నారో, ఎప్పుడు, ఏ జబ్బుతో మరణించారో ఎలా తెలుస్తుంది? జపాన్‌లో కొసేకి అనే కుటుంబ రిజిస్టరు ఉంది. పుట్టుక, పెళ్లి, మరణం అన్నీ అందులో నమోదవుతాయి. మనిషి దేశంలో ఏ మూలకు మారినా ఆ రిజిస్టరు ద్వారా ఆచూకీ తెలుస్తుంది. మరణ ధ్రువపత్రం ద్వారా కారణం తెలుస్తుంది. మేము సర్వీసంతా రిజిస్టర్ల మధ్యనే గడిపిన వాళ్లం. ఒక గడి ఖాళీగా వదిలితే పదేళ్ల తరువాత ఏ వితంతువు పింఛను ఆగిపోతుందో చూసినవాళ్లం. అందుకే ఈ విషయం మాకు ప్రత్యేకంగా తోచింది. ప్రపంచమంతా ఆధారపడే ఒక మహా పరిశోధనకు పునాది ఎక్కడో ఒక మునిసిపల్ కార్యాలయంలో పేరు తెలియని గుమస్తా రాసిన వరుస.

తరువాతి పని, ఎవరికి ఎంత వికిరణం తగిలిందో లెక్కించడం. బాంబు పడిన రోజున ఎవరి జేబులోనూ కొలిచే యంత్రం లేదు. అందుచేత పరిశోధకులు ఒక్కొక్కరినీ కలిసి అడిగారు. ఆ క్షణాన మీరు ఎక్కడ ఉన్నారు? ఇంటి లోపలా, వీధిలోనా? గోడ చాటున ఉన్నారా? ఏ వైపు తిరిగి నిలబడ్డారు? ఈ సమాధానాలను, బాంబు నుంచి వెలువడిన వికిరణ పరిమాణాన్ని, కట్టడాలు అడ్డుకున్న భాగాన్ని కలిపి భౌతిక శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. 1986లో ఒకసారి, 2002లో మరొకసారి ఆ అంచనాల పద్ధతిని సవరించారు. జ్ఞాపకాల్లో పొరపాట్లు ఉంటాయి కనుక, ఆ పొరపాటు ఫలితాన్ని ఎంత మేరకు మార్చగలదో కూడా గణాంక శాస్త్రజ్ఞులు లెక్కవేశారు.

ఈ శ్రమకు దక్కిన ఫలితాలు కొన్ని చెబుతాము. అన్నిటికంటే ముందు బయటపడినది ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. బాంబు పడిన కొద్ది ఏళ్లకే, తన వద్దకు వచ్చే రోగుల్లో ఆ జబ్బు పెరుగుతున్నదని తకుసో యమవాకి అనే జపాన్ వైద్యుడు గమనించారు. తరువాతి లెక్కలు ఆయన అనుమానం నిజమని నిరూపించాయి. పిల్లలకు ఆ ముప్పు మరీ ఎక్కువైంది. రెండేళ్ల వయసులో బాంబుకు గురైన ససాకి సదాకో అనే బాలిక 1955లో, పన్నెండేళ్ల ప్రాయంలో, ఆ జబ్బుతోనే మరణించింది. హిరోషిమా శాంతి ఉద్యానంలోని బాలల స్మారకానికి ఆ బిడ్డ మరణమే ప్రేరణ.

ఊపిరితిత్తులు, జీర్ణాశయం, రొమ్ము వంటి అవయవాల క్యాన్సర్లు చాలా ఏళ్ల తరువాత కనిపించాయి. 2007లో ప్రచురితమైన ఒక పెద్ద నివేదిక 1958 నుంచి 1998 వరకు 1,05,427 మందిని గమనించిన ఫలితాలను ఇచ్చింది. వారిలో 17,448 క్యాన్సర్లు నమోదయ్యాయి. అందులో సుమారు 850 వికిరణం వల్ల అదనంగా వచ్చినవని అంచనా వేశారు. చిన్న వయసులో వికిరణానికి గురైన వారికి ముప్పు ఎక్కువ. అదే మోతాదుకు స్త్రీలకు పురుషుల కంటే ముప్పు ఎక్కువ. తల్లి గర్భంలో, ముఖ్యంగా 8 నుంచి 15 వారాల మధ్య, ఎక్కువ వికిరణానికి గురైన శిశువుల్లో మెదడు ఎదుగుదల దెబ్బతిన్నది.

850 అనే సంఖ్య విని కొందరు ఇంతేనా అంటారు, కొందరు ఇంతమందా అంటారు. అది దేని లెక్కో తెలిస్తే ఆ రెండు మాటలూ సర్దుకుంటాయి. అది 1958 తరువాత, ప్రాణాలతో మిగిలిన వారిలో, ఆ 40 సంవత్సరాల్లో వచ్చిన అదనపు క్యాన్సర్ల లెక్క. వారిలో అత్యధికులకు తగిలిన మోతాదు చాలా తక్కువ. బాంబు మంటల్లోనూ, తొలి ఏళ్లలోనూ చనిపోయిన వారు అందులో లేరు. సంఖ్యతో పాటు దాని హద్దులను కూడా చెప్పినవాడే నిజమైన గణాంక శాస్త్రజ్ఞుడు. హద్దు చెప్పకుండా సంఖ్యను విసిరేవాడు, దానిని దాచేవాడు ఇద్దరూ ప్రజలకు అన్యాయం చేసినవారే.

ఇప్పుడు రెండవ ప్రశ్న: ఆ ఉద్యోగం చేసే వారి ఆరోగ్యానికి ముప్పు లేదా? గణాంక శాస్త్రజ్ఞులు వికిరణం మధ్య కూర్చోరు. కంప్యూటరు ముందు కూర్చుంటారు. వారి చేతికి వచ్చేవి రికార్డులు. నేటి హిరోషిమాలో వికిరణం ప్రపంచంలోని ఇతర సాధారణ నగరాల స్థాయిలోనే ఉంది. అక్కడ లక్షలాది కుటుంబాలు పిల్లాపాపలతో నివసిస్తున్నాయి. కనుక ఆ భయం అవసరం లేదు.

నిజానికి ఆ పరిశోధన వల్లనే మన ఊళ్లలో ఎందరికో రక్షణ దొరికింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగి ఛాతీకి చిన్న బ్యాడ్జీ ధరించడం మీరు చూసి ఉంటారు. అతనికి తగిలే వికిరణాన్ని అది కొలుస్తుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం అటువంటి ఉద్యోగికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులకు మించి తగలరాదు. సామాన్య ప్రజలకు ఆ పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి పరిమితులకు ప్రధాన ఆధారం హిరోషిమా, నాగసాకి వారి లెక్కలే. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా దేశాల్లో 3 లక్షలకు పైగా అణు కర్మాగారాల ఉద్యోగుల మీద జరిగిన మరో అధ్యయనం, కొద్ది కొద్దిగా ఏళ్ల తరబడి తగిలే వికిరణం సంగతి తేల్చేందుకు తోడ్పడుతున్నది.

ఆ లెక్కలు మరో ఉపకారం కూడా చేశాయి. తల్లిదండ్రులు దీనిని ప్రత్యేకంగా వినాలి. బాంబు తరువాత హిబాకుషా కుటుంబాల పిల్లలకు పెళ్లి సంబంధాలు కుదరడం కష్టమైపోయింది. "వాళ్లది దెబ్బతిన్న రక్తం, వాళ్ల పిల్లలు అవిటివాళ్లుగా పుడతారు" అన్న ప్రచారం సాగింది. ఎందరో యువతులు తాము ఆ రోజు హిరోషిమాలో ఉన్న సంగతినే దాచుకుని బతికారు. దీనికి ఎవరు జవాబు చెప్పాలి? హిబాకుషాల సంతానంలో సుమారు 77,000 మందిని ఆ సంస్థ గమనిస్తూ వచ్చింది. బాంబు పడిన తరువాత తల్లిదండ్రులకు పుట్టిన ఆ పిల్లల్లో వికిరణం కారణంగా వంశపారంపర్యంగా జబ్బులు పెరిగినట్లు స్పష్టమైన ఆధారం ఇంతవరకు కనబడలేదు. పుకారుకు పుకారుతో బదులు చెప్పలేము. ఒక సముదాయం మీద పడిన అపవాదును ఓపికతో పట్టిన లెక్కే తుడవగలదు. ఇది అనుభవమున్న మన సమాజానికి విడమరచి చెప్పనక్కరలేదు. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక వచ్చిన నాడు, అంతవరకు నోటి మాటగా మిగిలిన మన వెనుకబాటు అంకెల రూపంలో పార్లమెంటు ముందుకు వచ్చింది కదా.

ఇక మూడవ ప్రశ్న, ఆ పని గౌరవమైనదా అన్నది. దీనికి అవునని ఒక్క మాటలో చెప్పి తప్పుకోవడం న్యాయం కాదు. ఆ సంస్థ చరిత్రలో మచ్చ ఉంది. ఏబీసీసీ వైద్యులు హిబాకుషాలను పిలిపించి, రక్తం తీసుకుని, పరీక్షించి పంపేవారు. చికిత్స చేయడం తమ పని కాదనేవారు. బాంబు వేసిన దేశమే వచ్చి తమను పరీక్షా వస్తువులుగా చూస్తున్నదని ప్రజలు ఆవేదన చెందారు. ఆ బాధ తరాల పాటు నిలిచింది. 2017లో సంస్థ 70 ఏళ్ల సందర్భంగా జరిగిన కార్యక్రమంలో దాని అధ్యక్షుడు ఆ గతం గురించి విచారం వెలిబుచ్చారు. అటువంటి చోటికి వెళ్లే యువతీ యువకులు దీనిని తెలుసుకునే వెళ్లాలి. తమ ముందున్న ప్రతి వరుస వెనుక ఒక మనిషి ఉన్నాడని, తన రక్తాన్ని, తన జ్ఞాపకాన్ని నమ్మకంతో అప్పగించాడని గుర్తుంచుకోవాలి. మన భాషలో చెప్పాలంటే అది అమానత్. అమానత్‌ను ఎలా కాపాడాలో మన పిల్లలకు ఇంట్లోనే నేర్పుతాము కదా.

మరొక సంగతి. లెక్కలోకి వచ్చిన వారి కథ ఇంతవరకు చెప్పాము. లెక్కలోకి రాని వారి కథ కూడా ఉంది. ఆనాడు కొరియా జపాన్ పాలనలో ఉండేది. బలవంతపు చాకిరీకి తెచ్చినవారు, పొట్టకూటికి వచ్చినవారు కలిసి వేలాది కొరియన్లు ఆ రెండు నగరాల్లో బాంబు వాతపడ్డారు. బతికినవారిలో చాలామంది యుద్ధం ముగిశాక స్వదేశానికి వెళ్లిపోయారు. కొసేకి రిజిస్టరు జపాన్ పౌరులది. అంత గొప్ప రిజిస్టరులోనూ వారికి చోటు లేదు. చనిపోయిన కొరియన్ల స్మారకాన్ని 1970లో హిరోషిమా శాంతి ఉద్యానం వెలుపల నిలిపారు. అది లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది.

కాని వారు ఊరుకోలేదు. హిబాకుషాలకు చికిత్స కల్పించే చట్టం జపాన్‌లో 1957లో వచ్చింది. సోన్ జిన్ దూ అనే కొరియన్ బాధితుడు చికిత్స కోసం అనుమతి లేకుండా జపాన్‌కు వచ్చి, ఆ చట్టం తనకూ వర్తిస్తుందని కోర్టుకెక్కారు. 1978లో జపాన్ సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. దేశం విడిచి వెళితే భత్యం ఆగిపోతుందన్న 1974 నాటి ఉత్తర్వును క్వాక్ క్వీ హూన్ అనే మరొకరు సవాలు చేసి గెలిచారు. 2003లో ఆ ఉత్తర్వు రద్దయింది. విదేశాల్లో ఉన్న బాధితులకు కూడా వైద్య ఖర్చులు పూర్తిగా చెల్లించవలసిందేనని 2015లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బాంబు పడి అప్పటికి డెబ్బై ఏళ్లు. రిజిస్టరులో లేని మనిషి హక్కు కోసం ఎంతకాలం పోరాడవలసి వస్తుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఆ లెక్కలో కనబడని వారిలో మన మతస్థులూ ఉన్నారని మనలో చాలామందికి తెలియదు. యుద్ధకాలంలో జపాన్ ప్రభుత్వం ఆగ్నేయాసియా దేశాల నుంచి విద్యార్థులను తీసుకువెళ్లి చదివించింది. వారిలో కొందరు 1945 ఆగస్టులో హిరోషిమా విశ్వవిద్యాలయంలో ఉన్నారు. మలయా నుంచి వచ్చిన నిక్ యూసుఫ్ బాంబుకు బలయ్యారు. ఆయన సమాధి హిరోషిమా శివార్లలోని ఒక బౌద్ధాలయ ఆవరణలో ఉంది. జోహోర్‌కు చెందిన సయ్యద్ ఒమర్, టోక్యోకు తిరిగి వెళ్లే దారిలో జబ్బుపడి సెప్టెంబరులో క్యోటోలో కన్నుమూశారు. ఆయన సమాధి ఎన్‌కోజీ ఆలయం వద్ద ఉంది. అక్కడి ప్రజలు దానిని నేటికీ చూసుకుంటున్నారు. వారితో ఉన్న అబ్దుల్ రజాక్ బతికి స్వదేశానికి చేరి, జపాన్ భాషా బోధకుడయ్యారు. బ్రూనైకి చెందిన పెంగిరాన్ యూసుఫ్ కూడా బతికి బయటపడి, 1967 నుంచి 1972 వరకు తమ దేశ ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆ దేశ జాతీయ గీతం రాసినది ఆయనే.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నామంటే, లెక్కలు వేసే గదిలో ఎవరు కూర్చుంటారన్నది చిన్న విషయం కాదు. కూర్చున్న వారి మనసులో ఏ ప్రశ్న పుడితే ఆ లెక్క జరుగుతుంది. 'ఈ జాబితాలో ఎవరు లేరు?' అన్న ప్రశ్న లేనితనాన్ని చవిచూసిన ఇళ్ల నుంచి వచ్చిన వారికి తొందరగా తడుతుంది. మన అమ్మాయి ఒకరు ఆ గదిలో కూర్చుంటే, ఆమె గణితంతో పాటు ఆ చూపు కూడా అక్కడికి చేరుతుంది. ఆ తండ్రికి మేము చెప్పినది ఇదే: పని గౌరవమైనదే, దానిని గౌరవంగా నిలపడం చేసేవారి చేతిలో ఉంది.

ఇది మన ప్రాంతానికి పరాయి విద్య కూడా కాదు. ఇరవయ్యో శతాబ్దపు మేటి గణాంక శాస్త్రజ్ఞుల్లో ఒకరైన సి.ఆర్.రావు గారు తెలుగువారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. ఆయన పేరును ప్రపంచ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించిన వ్యాసం 1945లోనే వెలువడింది. 2023లో గణాంక శాస్త్రపు అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో పరమపదించారు.

వికిరణ ఆరోగ్య పరిశోధన మన దేశంలోనూ ఉంది. కేరళలోని కరునాగపల్లి తీరపు ఇసుకలో మోనజైటు అనే ఖనిజం వల్ల సహజ వికిరణం ఎక్కువ. అక్కడ తరతరాలుగా మత్స్యకార కుటుంబాలు నివసిస్తున్నాయి. తిరువనంతపురంలోని ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం వారు సుమారు 70,000 మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆ వికిరణం వల్ల క్యాన్సర్ పెరిగినట్లు వారికి కనబడలేదు. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ మోనజైటు ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తున్నది. అటువంటి చోట్ల ప్రజలకు సందేహాలు కలగడం సహజం. భయపెట్టేవారి మాటకూ, భయం లేదనేవారి మాటకూ మధ్య నిజమెంతో చెప్పగలవారు కావాలి. విదేశంలో నేర్చిన విద్యతో మన పిల్లలు తిరిగి వచ్చి చేయగల సేవ అది.

ఇప్పుడు ఆచరణకు సంబంధించిన నాలుగు మాటలు. ఇంటరులో గణితం తీసుకున్న వారు డిగ్రీలో గణాంక శాస్త్రం చదవవచ్చు. ఆ తరువాత ఎమ్మెస్సీకి ఉస్మానియా, ఆంధ్ర, హైదరాబాదు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. భారతీయ గణాంక సంస్థ ఉంది. జీవ గణాంకమే ప్రత్యేకంగా చదవదలచిన వారికి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, బెంగళూరు నిమ్హాన్స్, ముంబయిలోని జనాభా అధ్యయనాల సంస్థ ఉన్నాయి. డాక్టరు సీటు రాలేదని కుమిలిపోయే పిల్లలకు చెబుతున్నాము: వైద్యరంగంలో ప్రవేశించడానికి స్టెతస్కోపు ఒక్కటే ద్వారం కాదు. పైచదువుకు జపాన్ ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు వేతనాలు ఇస్తుంది. ఆ దేశ రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.

గల్ఫ్ ఉద్యోగాల పేరిట ఏజెంట్ల చేతిలో మోసపోయిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. కనుక హెచ్చరికగా ఒక మాట. పరిశోధన ఉద్యోగానికి ఏజెంటు అక్కరలేదు. ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు. ప్రకటన ఆ సంస్థదే అయి ఉండాలి, ఎంపిక వారే చేయాలి, నియామక పత్రం వారి నుంచే రావాలి. జీతం ఎంత, ఎన్నేళ్ల ఒప్పందం, వసతి ఎవరిది, ఆరోగ్య బీమా ఉందా, పాస్‌పోర్టు తన వద్దనే ఉంటుందా అన్నవి రాతపూర్వకంగా చూసుకోవాలి. కార్యాలయంలో ఇంగ్లీషుతో నడిచినా, కూరగాయల దుకాణంలో జపాన్ భాషే కావాలి. బయలుదేరే ముందే కొంత నేర్చుకోవడం మంచిది.

హలాల్ ఆహారం, నమాజు, రంజాన్ విషయంలో ఇబ్బందులు ఉండవని చెప్పలేము, ఉన్నా దాటగలిగినవే. జపాన్‌లో ముస్లింల ఉనికి కొత్తది కాదు. ఆ దేశంలో మొదటి మస్జిద్ 1935లో కోబే నగరంలో వెలిసింది. దాని నిర్మాణానికి చందాలు ఇచ్చిన వారిలో భారతీయ ముస్లిం వర్తకులు ఉన్నారు. 1945 నాటి విమాన దాడుల్లో చుట్టూ నగరం కాలిపోయినా, 1995లో పెను భూకంపం వచ్చినా ఆ మస్జిద్ నిలిచే ఉంది. మన పెద్దలు తొంభై ఏళ్ల క్రితమే అక్కడ మనకొక నీడ ఏర్పరచి పెట్టారు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. కొడుకైతే ఎంత దూరమైనా పంపుతాము, కూతురైతే పక్క జిల్లా కూడా దూరమంటాము. అమ్మాయి కష్టపడి సంపాదించిన విద్యను అటక మీద పెట్టకండి. విచారించండి, కాగితాలు చూడండి, అక్కడ ఉన్నవారితో మాట్లాడండి. తృప్తి కలిగితే దువా చేసి పంపండి.

విదేశానికి వెళ్లని మనందరికీ కూడా ఒక బాధ్యత ఉంది. 1969 నాటి చట్టం ప్రకారం ఇంట్లో జననమైనా, మరణమైనా 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. మన వాడల్లో ఖబరస్తాన్ నుంచి తిరిగి వచ్చాక ఆ పనిని మరచిపోవడం పరిపాటి. బీడీ కార్మికురాలు దగ్గి దగ్గి చనిపోతుంది, రాళ్లు కొట్టే మనిషి నలభై ఐదేళ్లకే కూలిపోతాడు. ఏ రికార్డులోనూ కారణం ఉండదు. రేపు ఎవరైనా వచ్చి ఈ వాడలో ఎవరు, ఎందుకు చనిపోతున్నారని అడిగితే చూపడానికి ఒక్క కాగితం ఉండదు. ఆసుపత్రిలో మరణం సంభవిస్తే కారణం రాసిన వైద్య ధ్రువపత్రం అడిగి తీసుకోండి. ప్రతి మస్జిద్ కమిటీ ఒక రిజిస్టరు పెట్టి, వాడలోని ప్రతి జననం, ప్రతి మరణం మునిసిపాలిటీలో నమోదైందో లేదో సరిచూడాలని మా ప్రతిపాదన. నెలకు ఒక్క గంట పని. డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు ముందుకొస్తే చాలు. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి మన కమిటీ కార్యాలయంలో ఇందుకు సంబంధించిన ఫారాలు అందుబాటులో ఉంచుతాము. పేర్లు ఇవ్వదలచిన వారు సభ ముగిసిన తరువాత కార్యదర్శి గారిని కలవగలరు.